బోనులోంచి చర్మం దాకా

అగ్గిపుల్ల గీయడానికి మనం ఆలోచించం. స్వీడన్‌లోని ఉమియా విశ్వవిద్యాలయంలో రోలాండ్ యోహాన్సన్ అనే పరిశోధకుడు ఒకరి వేలికొసలకు మత్తుమందిచ్చి అదే పని చేయించారు. కళ్ళకేమీ కాలేదు, కండరాలకేమీ కాలేదు. అయినా పుల్ల వేళ్ళ మధ్య నిలవలేదు. ఈ మొద్దుబారిన వేళ్ళతోనే రోబోలు దశాబ్దాలు నెట్టుకొచ్చాయి.

1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో యూనిమేట్ అనే మొదటి పారిశ్రామిక రోబో పనిలో చేరింది. తనకు తగిలింది ఇనుమో, మనిషో దానికి తెలియదు. 1979లో మిషిగన్‌లోని ఒక కార్ల ఫ్యాక్టరీలో రోబో చేయి తగిలి ఒక యువ కార్మికుడు చనిపోయాడు. మనిషిని కాపాడటానికి అప్పట్లో ఉన్న దారి ఒక్కటే: రోబోను బోనులో పెట్టడం.

రోబోలకు చూపు ముందొచ్చి స్పర్శ ఎందుకు వెనకబడింది? కెమెరా ఒక్కచోట పెడితే చాలు, చర్మం ఒళ్ళంతా కావాలి. మన ఒక్క అరచేతి వైపే, వేళ్ళతో కలిపి, దాదాపు 17,000 స్పర్శ గ్రాహకాలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో తీగ లాగితే చేయి ముడవడమే కష్టం. పైగా సిలికాన్ చిప్పు పెళుసు, మోచేయేమో వంగాలి, సాగాలి. నా దృష్టిలో అసలు చిక్కు సెన్సర్ కాదు, ఈ తీగలూ ఈ సాగుడూనే.

టోక్యో విశ్వవిద్యాలయంలో తకావో సోమేయా వంగే ప్లాస్టిక్ పొర మీద సేంద్రియ ట్రాన్సిస్టర్లను, అంటే కర్బన పదార్థాలతో చేసిన చిన్న విద్యుత్ స్విచ్‌లను, వరసలుగా పేర్చి 2004లో ఒక దారి చూపించారు. మరుసటి ఏడాది ఆ పొరనే వలలా తయారుచేశారు. వల సాగుతుంది కదా!

2010లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో జెనాన్ బావ్ బృందం చేసిన పని నాకు మరీ ఇష్టం. రెండు ఎలక్ట్రోడ్ల (విద్యుత్ పలకల) మధ్య పల్చటి రబ్బరు పెట్టి నొక్కితే మధ్య దూరం తగ్గుతుంది, విద్యుత్ సంకేతం మారుతుంది. కానీ చదునైన రబ్బరు సులువుగా నొక్కుకుపోదు, వెంటనే మామూలు స్థితికీ రాదు. అందుకని దాన్ని కంటికి కనిపించనంత చిన్న పిరమిడ్లుగా అచ్చు పోశారు. మొనలు తేలిగ్గా అణుగుతాయి, ఉబ్బిన రబ్బరుకు పక్కనున్న ఖాళీల్లో చోటు దొరుకుతుంది. 20 మిల్లీగ్రాముల ఈగ వాలినా ఆ పొరకు తెలిసిపోయింది! అదే ఏడాది బర్క్‌లీలో అలీ జావే బృందం వెంట్రుక కంటే ఎంతో సన్నని నానో తీగలతో మరో కృత్రిమ చర్మం చేసింది.

మిగిలిన చిక్కు సమాచారపు వరద. జర్మనీలోని మ్యూనిక్‌లో గోర్డన్ చెంగ్ బృందం 2019లో హెచ్-1 అనే రోబోకు 1,260 షట్కోణపు పలకలు తొడిగింది, వాటిలో 13,000కు పైగా సెన్సర్లు. అన్నీ ఒకేసారి మాట్లాడితే కంప్యూటర్ ఉక్కిరిబిక్కిరైపోతుంది. అందుకని ఏదైనా మారితేనే పలక కబురు పంపేలా చేశారు. మనం తొడుక్కున్న చొక్కాను కాసేపటికి మన ఒళ్ళు మరిచిపోయినట్టే ఇది కూడా.

ఇప్పుడు పోరంతా మన్నిక మీదే. మన చర్మం పైపొర నెలా రెండు నెలల్లో కొత్తదవుతుంది. రోబో వేలి రబ్బరు మాత్రం స్పర్శ ఎక్కువగా కావాల్సిన చోటే ముందు అరిగిపోతుంది.