గోడ కాదు, యంత్రమూ కాదు: చెన్నై గోదాముల్లో ర్యాకుల తనిఖీ ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చింది?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 28వ సెక్షన్ లిఫ్టులను 6 నెలలకు ఒకసారి, 29వ సెక్షన్ క్రేన్లను, గొలుసులను, మోకులను కనీసం 12 నెలలకు ఒకసారి అర్హుడైన వ్యక్తి చేత క్షుణ్ణంగా పరీక్ష చేయించి ఆ వివరాలను రిజిస్టరులో నమోదు చేయాలని నిర్దేశించాయి. అదే ఆవరణలో 10 మీటర్ల ఎత్తున నిలబడి, ఒక్కొక్కటి టన్ను బరువుండే ప్యాలెట్లను, అంటే సరుకు పేర్చిన పలకలను, వందల సంఖ్యలో మోసే ఉక్కు ర్యాకు ప్రస్తావన మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. దీన్ని చట్టం రాసినవారి లోపంగా చూడలేం, ఎందుకంటే 1948లో మద్రాసు గోదాములకు అలాంటి వస్తువు తెలియదు. అది వచ్చిన తరవాతనైనా కట్టడం కింద లెక్కించాలా, యంత్రం కింద లెక్కించాలా అన్నది తేలకపోవడమే అసలు చిక్కు. శ్రీపెరుంబుదూరు, ఒరగడం, రెడ్‌హిల్స్, గుమ్మిడిపూండి పరిసరాల్లోని గోదాముల్లో ర్యాకుల భద్రత గురించి ఇప్పుడు సాగుతున్న చర్చకు మూలం ఆ సందిగ్ధంలోనే ఉంది.

పాత గోదాము తీరు వేరు. జార్జిటౌన్ సందుల్లోని కొట్లు కానివ్వండి, నెల్లూరు వైపు నుంచి ధాన్యం దిగే రెడ్‌హిల్స్ రైసుమిల్లులు కానివ్వండి, సరుకంతా బస్తాల్లో వచ్చేది, చెక్క పలకల మీద దొంతర్లుగా పేర్చేవారు. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ ఏర్పడి శాస్త్రీయ నిల్వ పద్ధతులు ప్రవేశపెట్టినప్పుడు కూడా తేమ, పురుగు, ఎలుక మీదే శ్రద్ధ ఉండేది కానీ ఎత్తు మీద ఉండేది కాదు. దొంతర ఎంత ఎత్తుకు పోవాలన్నది హమాలీ వెన్ను నిర్ణయించేది. బరువు నేరుగా నేల మీదికే దిగేది. దొంతర ఒరిగితే, లెక్కలేమీ రానివాడికి కూడా అది కంటికి కనబడేది. ప్రమాదాలు అప్పుడూ జరిగాయి, బస్తాల కింద పడి మనుషులు పోయారు, అయితే ప్రమాదాన్ని గుర్తించడానికి ప్రత్యేకమైన నైపుణ్యం అవసరమయ్యేది కాదు.

ర్యాకు ఈ లెక్కనే మార్చేసింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక సరఫరాల కోసం, సరుకును ఎత్తి మోసే ఫోర్క్‌లిఫ్టు బండి, ప్యాలెట్ జంటగా విస్తరించాయి. 1947లో లండన్‌లో డెమెట్రియస్ కొమినో అనే ఇంజనీరు డెక్సియన్ పేరుతో చిల్లులున్న ఇనుప యాంగిళ్లను ఫ్యాక్టరీలో తయారుచేయడం మొదలుపెట్టాడు. మన కిరాణా హోల్‌సేల్ కొట్లలో, మందుల షాపుల వెనక గదుల్లో ఈనాటికీ కనిపించే స్లాటెడ్ యాంగిల్ ర్యాకులు ఆ వంశంలోవే. వాటికంటే భారీవైన ప్యాలెట్ ర్యాకులకు పలుచని ఉక్కు రేకును చల్లగా ఉండగానే వంచి స్తంభాలు తయారుచేస్తారు. అలాంటి ఉక్కుతో నిర్మాణాల రూపకల్పనకు కార్నెల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ వింటర్ నాయకత్వంలో సాగిన పరిశోధన ఆధారంగా 1946లో అమెరికాలో తొలి ప్రమాణం వెలువడింది. అక్కడి ర్యాకు తయారీదారులు 1958లో సంఘంగా ఏర్పడి, 1964లో తమ మొదటి కనీస ప్రమాణాలను ప్రకటించుకున్నారు. ఇవన్నీ ర్యాకును ఎలా తయారుచేయాలన్నదాని గురించినవి. దాన్ని వాడుతున్నవాడు ఏం చేయాలన్న ప్రశ్న చాలాకాలం పక్కనే ఉండిపోయింది.

ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమో తెలియాలంటే స్తంభాన్ని కాస్త దగ్గరగా చూడాలి. అప్‌రైట్ అని పిలిచే ఆ స్తంభపు రేకు మందం చాలా ర్యాకుల్లో 2 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక్కో అరలో అంతస్తుకు 2 టన్నుల చొప్పున 5 అంతస్తులు నింపారనుకుంటే, రెండు అరల మధ్య నిలిచే రెండు కాళ్ల ఫ్రేము అటు సగం ఇటు సగం కలిపి 10 టన్నులు మోస్తుంది, అందులో నడవ వైపున్న ముందరి కాలు ఒక్కటే 5 టన్నులు మోస్తుంది. రేకు నిటారుగా ఉన్నంతవరకు ఇది సమర్థంగా పనిచేస్తుంది. కాలు కొద్దిగా వంగిందంటే అదే బరువు దాన్ని ఇంకా వంచడానికి పూనుకుంటుంది. స్తంభం గురించి 18వ శతాబ్దంలో ఆయిలర్ చెప్పిన సూత్రం ప్రకారం, ఆధారం లేని పొడవు రెండింతలైతే సన్నని స్తంభం మోయగల బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల ఎత్తైన సరుకు పట్టడం లేదని కింది బీమును, అంటే ప్యాలెట్లను మోసే అడ్డదూలాన్ని, పీకి ఒక గజం పైకి బిగించడం సామాన్యమైన సర్దుబాటులా కనిపించినా, నిజానికి అది ర్యాకు సామర్థ్యాన్ని తిరగరాసే పని. ఎంత బరువు పెట్టవచ్చో తెలిపే, గోడకు తగిలించిన లోడు బోర్డు మీద అంకె మాత్రం పాతదే ఉండిపోతుంది.

ఒక్క కాలు లొంగితే దాని బరువు పక్క కాళ్ల మీద పడుతుంది, బీములు ఆ కాళ్లను లాగుతాయి, కొన్ని క్షణాల్లో వరస వరసంతా కూలుతుంది. 2016 మే నెలలో ఇంగ్లండులోని హిన్‌స్టాక్ గ్రామంలో జున్ను నిల్వచేసిన గోదాము ర్యాకులు కూలినప్పుడు ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు సుమారు 8 గంటలపాటు ఆ గుట్ట కింద చిక్కుకుపోయి ప్రాణాలతో బయటపడ్డాడు. 2020 అక్టోబరు 2న బ్రెజిల్‌లోని సావో లూయిస్ నగరంలో ఒక హోల్‌సేల్ సూపర్‌మార్కెట్ ర్యాకులు ఒకదాని వెంట ఒకటి పడిపోయి ఒక ఉద్యోగిని చనిపోయింది. రెండో సంఘటన దృశ్యాలు ఫోన్లలో ఊరూరా తిరిగాయి. మన గోదాముల్లో పనిచేసేవారిలో చాలామందికి ర్యాకు కూలడమంటే ఏమిటో తెలిసింది ఆ వీడియోతోనే అనుకుంటాను.

వాడకందారు బాధ్యతను స్పష్టంగా రాసిన పత్రం యూరప్‌లో 2008లో వచ్చింది. ఈఎన్ 15635 అనే ఆ ప్రమాణం ర్యాకుల భద్రతకు పేరు పెట్టి ఒక వ్యక్తిని బాధ్యుణ్ణి చేయమంది, దెబ్బ తగిలిన వెంటనే చెప్పే ఏర్పాటు ఉండాలంది, వారం వారం కంటితో చూసే తనిఖీని, 12 నెలలు మించకుండా నిపుణుడి తనిఖీని కోరింది. దాని కొలత పద్ధతి చాలా నిరాడంబరమైనది. ఒక మీటరు పొడవున్న తిన్నని లోహపు బద్దను వంగిన చోట స్తంభానికి ఆనించి, మధ్యలో ఏర్పడిన సందును కొలుస్తారు. వంపు ఏ దిశలో ఉందన్నదాన్ని బట్టి 3 లేదా 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే అది ఆకుపచ్చ, వాడుకుంటూ గమనిస్తూ ఉండవచ్చు. అడ్డంగా, ఏటవాలుగా బిగించే బ్రేసింగులకు ఈ హద్దు 10 మిల్లీమీటర్లు. హద్దు దాటితే కాషాయం: ఉన్న సరుకు తీయగానే మళ్లీ నింపకూడదు, 4 వారాల్లో ఖాళీ కాకపోతే దాన్ని ఎరుపుగానే లెక్కించాలి. హద్దుకు రెండింతలు దాటితే ఎరుపు, అక్కడికక్కడే ఖాళీ చేయించాలి. రేకు చిరిగినా, పగుళ్లు కనిపించినా ఈ మిల్లీమీటర్ల సడలింపు వర్తించదు. ఆకుపచ్చకూ ఎరుపుకూ మధ్య తేడా ఒక బియ్యపు గింజ పొడవంతే కాబట్టి, నడవలో నడుచుకుంటూ పోయేవాడి కంటికి ఆకుపచ్చ కాలూ ఎర్ర కాలూ ఒక్కలాగే కనబడతాయి.

చెన్నైకి ఈ పద్ధతి ప్రభుత్వ ఉత్తర్వుగా రాలేదు, కార్ల వెంట వచ్చింది. 1998లో శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందాయ్ ఉత్పత్తి మొదలై, 2010లో ఒరగడంలో రెనో–నిస్సాన్ ప్లాంటు నిలబడేనాటికి విడిభాగాల సరఫరాదారులకు ఎత్తైన ర్యాకులు మామూలయ్యాయి. విదేశీ మాతృసంస్థలు ఏటా చేసే ఆడిట్లలో ర్యాకుల తనిఖీ నివేదిక అడగడం ఆచారమైంది. ర్యాకులు అమ్మే కంపెనీలు కూడా యూరపు, అమెరికా ప్రమాణాల పేర్లే కొటేషన్లలో రాస్తూ వచ్చాయి. అలా ఒకే రోడ్డుకు ఇటు పక్క గోదాములో రంగు రంగుల స్టిక్కర్లతో ఏటేటా తనిఖీ, అటు పక్క గోదాములో వంగిన కాలుకు తాడు కట్టి పని కానివ్వడం అనే స్థితి ఏర్పడింది.

2017 జూలై 1న వచ్చిన జీఎస్టీ ఈ అంతరాన్ని ఒక్కసారిగా పెద్దది చేసింది. అంతకుముందు రాష్ట్రం దాటించి అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది, సొంత డిపోకు తరలిస్తే పడేది కాదు, అందుకే ప్రతి కంపెనీ రాష్ట్రానికొక చిన్న డిపో పెట్టుకునేది. తడ దగ్గరి భీమునివారిపాలెం చెక్‌పోస్టులో పన్ను కాగితాల కోసం లారీలు బారులు తీరిన కాలం మన డ్రైవర్లకు బాగా గుర్తు. ఆ పన్ను పోవడంతో నెల్లూరు, తిరుపతి, చెన్నై సరుకంతా ఒకేచోట పెట్టుకునే వీలు కలిగింది. డిపోలు తగ్గాయి, ఉన్నవి పెరిగాయి. భూమి ధర మండిపోయే చోట పెరుగుదల పైకే సాగుతుంది. చూరు దగ్గరే 10–12 మీటర్ల ఎత్తుండే షెడ్లు, వాటి నిండా ర్యాకులు, వాటి మధ్య ఎత్తైన అరలకు సరుకు అందించే రీచ్ ట్రక్కులు వచ్చాయి. ఆన్‌లైన్ అమ్మకాల వేగం దీనికి తోడైంది. చవకగా పని జరగాలని మూతబడిన గోదాము ర్యాకులను విప్పి తెచ్చి, ఒక తయారీదారు స్తంభాలకు మరో తయారీదారు బీములు తగిలించేవారూ బయల్దేరారు. ఆ కొక్కేలు ఒకదానిలో ఒకటి పట్టినట్టే కనిపిస్తాయి కానీ, ఆ జత ఎంత మోస్తుందో ఏ కంపెనీ పరీక్షా చెప్పదు.

అప్పటి చట్టం దీన్ని పట్టుకోలేకపోయింది. ఫ్యాక్టరీల చట్టం తయారీ ప్రక్రియ జరిగే చోటుకే వర్తించేది. ప్యాకింగు కూడా అందులో భాగమే కాబట్టి, సరుకును విప్పి మళ్లీ కట్టే గోదామును ఫ్యాక్టరీ అనవచ్చునన్న వాదన ఉండేది. నిల్వ తప్ప మరేమీ జరగని గోదాము మాత్రం తమిళనాడు దుకాణాలు, సంస్థల చట్టం, 1947 కిందికి వెళ్తుంది. అది పని గంటలు, సెలవులు, గాలి వెలుతురు గురించి పట్టించుకునే చట్టం. ఫ్యాక్టరీ అయినచోట కూడా ఇనస్పెక్టరుకు 39వ సెక్షన్ కింద ప్రమాదకరంగా కనిపించిన భాగానికి పరీక్ష జరిపించమని ఆదేశించే అధికారం ఉండేది, కానీ అది ప్రమాదం కనిపించాక వాడే అధికారమే గానీ గడువు ప్రకారం జరిపే తనిఖీ కాదు. మూడు మిల్లీమీటర్ల వంపు గుమ్మం దగ్గర నిలబడినవారికి కనిపించదని వేరే చెప్పనక్కరలేదు.

ఏడాదికొకసారి వచ్చే నిపుణుడి మీదే భారం వేయడం కూడా చాలదు. దెబ్బ తగిలిన క్షణాన అక్కడ ఉండేది ఫోర్క్‌లిఫ్టు నడిపేవాడొక్కడే. ర్యాకు మూలల్లో స్తంభాలకు ముందు పసుపురంగు రక్షణ కవచాలు ఉంటాయి కదా అనిపించవచ్చు. యూరపు ప్రమాణం ఆ కవచం 400 జౌల్‌ల శక్తిని తట్టుకుంటే చాలంటుంది. సరుకుతో కలిపి నాలుగున్నర టన్నులుండే బండికి అంత శక్తి గంటకు ఒకటిన్నర కిలోమీటరు వేగంలోనే వస్తుంది, అంటే మనిషి నడక వేగంలో మూడో వంతు కూడా కాదు. అంతకుమించి తగిలితే కాలు వంగుతుంది. బండి నడిపే కుర్రాడు సూపర్‌వైజరుతో "అన్నా, కొంచెం తగిలిందంతే" అని చెప్పాలా, నోరు మూసుకోవాలా అన్నది అతని జీతంలో కోత పడుతుందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కాంట్రాక్టరు కింద పనిచేసేవాడికి ఆ జవాబు ముందే తెలుసు. తగిలిన సంగతి చెప్పినవాడికి జరిమానా వేసే గోదాములో ఎన్ని స్టిక్కర్లు అంటించినా ప్రయోజనం ఉండదని నా అభిప్రాయం.

బోర్డుల సంగతీ అంతే. ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ ప్రకారం చట్టం కోరిన నోటీసులు ఇంగ్లిషులోనూ, మెజారిటీ కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాల్సి ఉండేది. ర్యాకు లోడు బోర్డు చట్టం కోరిన నోటీసు కాదు కాబట్టి అది ఇంగ్లిషులోనే వేలాడుతుంది. గుమ్మిడిపూండి వైపు గోదాముల్లో సూళ్లూరుపేట, తడ ప్రాంతాల నుంచి వచ్చే మనవాళ్లు, ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు కలిసి పనిచేస్తారు. అంకెలు అందరికీ అర్థమవుతాయి, ఆ అంకె ఒక ప్యాలెట్‌కా, ఒక అంతస్తుకా, మొత్తం అరకా అన్నదే అర్థం కాదు.

చెన్నైకి ప్రత్యేకమైనవి మరి రెండున్నాయి. భుజ్ భూకంపం తరవాత 2002లో సవరించిన ఐఎస్ 1893 అనే భారతీయ భూకంప ప్రమాణం ఈ నగరాన్ని రెండో భూకంప మండలం నుంచి మూడో మండలానికి మార్చింది, కనుక అంతకుముందు లెక్కల మీద నిలబెట్టిన ర్యాకులు ఎక్కడైనా మిగిలి ఉంటే వాటిని తిరిగి లెక్కగట్టవలసిందే. సముద్రపు ఉప్పుగాలి, 2015 డిసెంబరులోనూ 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులోనూ వచ్చినలాంటి వరదనీరు ర్యాకు కాళ్ల కింది బేస్ ప్లేట్లను, వాటిని నేలకు బిగించే యాంకర్ బోల్టులను అడుగునుంచి తినేస్తాయి. నీళ్లు తీసి నేల కడిగాక సరుకు గురించి బీమా సర్వేయరు వస్తాడు, బోల్టుల గురించి ఎవరూ రారు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 ఫ్యాక్టరీల చట్టం స్థానాన్ని తీసుకుంది. 10 మంది, అంతకుమించి కార్మికులున్న వ్యాపార స్థలాలన్నీ సంస్థ అనే నిర్వచనంలోకి వచ్చాయి కాబట్టి, గోదాము ఫ్యాక్టరీ అవునా కాదా అన్న పాత తగవుకు చాలావరకు తెరపడినట్టే. ప్రమాదరహితమైన పనిచోటు కల్పించడం యజమాని విధి అని కోడ్ చెబుతోంది. ఇక్కడే ఇంకో ముడి ఉంది. షెడ్డు ఒకరిది, అందులో లీజుకున్న లాజిస్టిక్స్ కంపెనీ మరొకరిది, సరుకు మూడోవారిది, కార్మికులు లేబర్ కాంట్రాక్టరు మనుషులు, ర్యాకు కొన్నిచోట్ల షెడ్డుతోపాటు వచ్చినది, కొన్నిచోట్ల సరుకుదారు కొనిపెట్టినది. కార్మికుల యజమాని ఎవరో కోడ్‌లో వెతికి చెప్పవచ్చు. ఎర్ర స్టిక్కరు పడిన అరను పండగ సీజను మధ్యలో ఖాళీ చేయించే అధికారం, కాలు మార్పించే ఖర్చు ఎవరివో మాత్రం ఈ నలుగురి మధ్య కుదిరే అగ్రిమెంట్లలోనే రాసుకోవాలి.