ఒక పురుగుకి రెండు మందులు: జీవుల వేషాలపై అపోహలు - వాస్తవాలు

గుంటూరు చుట్టుపక్కల మిరప, పత్తి, నిమ్మ రైతులకు పురుగుల గురించి సలహాలు చెప్పడం నా పని. రోజూ వాట్సాప్‌లో ఫొటోలు వస్తాయి. కింద ఒకటే ప్రశ్న: "సార్, ఏం మందు కొట్టమంటారు?" చాలా ఫొటోల్లో ఉండేది పంటకు హాని చేయని జీవే. పిట్టలు తినకుండా అది వేసుకున్న వేషం చూసి మనం భయపడి డబ్బా భుజానికెత్తుకుంటున్నాం.

అపోహ: ఊసరవెల్లి ఏ చెట్టెక్కితే ఆ రంగులోకి మారిపోతుంది.

మారదు. మామూలుగానే దాని ఒంటి రంగు ఆకుల్లో కలిసిపోతుంది, కదలకుండా కూర్చుంటే దాక్కోవడానికి అది చాలు. రంగు మార్చేది ముఖ్యంగా పోటీకొచ్చిన మగదాన్ని బెదిరించడానికి, ఆడదానికి సంకేతం ఇవ్వడానికి, ఒంటి వేడిని సర్దుకోవడానికి. దాని చర్మకణాల్లో గ్వానైన్ అనే పదార్థపు అతిచిన్న స్ఫటికాలు ఉంటాయనీ, వాటి మధ్య ఎడం మారితే రంగు మారుతుందనీ 2015లో జెనీవా విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. వాళ్లు చూసింది మడగాస్కర్‌లో ఉండే పాంథర్ ఊసరవెల్లిని. మగది నెమ్మదిగా ఉన్నప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది, రెచ్చిపోతే పసుపు, నారింజ రంగుల్లోకి వస్తుంది. అంత కొట్టొచ్చినట్టు కనబడేది దాక్కోవడం ఎలా అవుతుంది?

ఇక మన వీధుల్లో పిల్లలు ఊసరవెల్లి అనుకుని రాళ్లు వేసేది చాలాసార్లు తొండ మీద. జతకట్టే కాలంలో మగ తొండ తల, గొంతు ఎర్రబడతాయి. అది రక్తం పీల్చినందుకు కాదు. దయచేసి కొట్టనివ్వకండి, అది తినేది పురుగుల్ని.

అపోహ: కరివేపాకు, నిమ్మ మొక్కలకు రెండు రకాల గొంగళిపురుగులు పడ్డాయి, రెండు మందులు కావాలి.

ఈ మాట నేను వినని సీజన్ లేదు. ఆ రెండూ ఒకే పురుగు, పెద్దయ్యాక సీతాకోకచిలుక అయ్యేది. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో గోధుమ, నలుపు కలిసిన ఒంటి మీద తెల్లటి పట్టీతో, తడితడిగా మెరుస్తూ అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. అందుకే ఆకు కింద దాక్కోకుండా ఆకు మీదే దర్జాగా కూర్చుంటుంది. పెరిగాక ఆ సైజులో రెట్ట వేషం నప్పదు. చివరిసారి కుబుసం విడిచాక ఆకుపచ్చగా మారి, మెడ దగ్గర రెండు దొంగ కళ్లతో కనిపిస్తుంది. అసలు తల వాటి కింద, చిన్నది. వేలితో తట్టి చూడండి, తల వెనక నుంచి రెండు పాయల కొమ్ము బయటికి వస్తుంది, ఘాటు వాసనతో. లేత నిమ్మ మొక్కలకైతే ఇది నష్టమే, చేత్తో ఏరేయండి. పెద్ద చెట్టుకు మందు అక్కర్లేదు.

ఇలా కరివేపాకు మీద పెరిగేవాటిలో కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక ఒకటి. వేషం దీనికి పెద్దయ్యాక కూడా పోదు, అదీ ఆడవాటిలో కొన్నిటికే. ఈశ్వరి తీగ తిని విషం ఒంట్లో దాచుకునే కామన్ రోజ్ సీతాకోకచిలుకలా రెక్కల మీద తెల్ల మచ్చ, ఎర్ర చుక్కలు ఉంటాయి. ఒకసారి రోజ్‌ని తిని కక్కుకున్న పిట్ట మళ్లీ ఆ రంగుల జోలికి రాదు. తేడా ఒంట్లో ఉంది: రోజ్ ఒళ్లు ఎరుపు, దీని ఒళ్లు నలుపు. విషమున్నదాన్ని లేనిది అనుకరించడాన్ని 1862లో ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ బేట్స్ వివరించాడు. ఈ సీతాకోకచిలుకలో ఆ పని చేసేది డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువని 2014లో శాస్త్రవేత్త కృష్ణమేఘ్ కుంటే బృందం తేల్చింది. అంటే ఆలోచించి వేసిన వేషం కాదు. కాస్త పోలిక ఉన్నవి బతికి పిల్లల్ని కనగా, తరాల తరబడి గట్టిపడింది.

అపోహ: పసుపు, నలుపు చారలుంటే కుట్టేదే.

పూల మీద గాల్లో కదలకుండా నిలబడేది కనిపిస్తే అది చాలావరకు సిర్ఫిడ్ ఈగ. కందిరీగకు నాలుగు రెక్కలు, దీనికి రెండే. కొండి లేదు. దీని పిల్లపురుగులు చాలా రకాల్లో మొక్కల రసం పీల్చే పేనుబంకను తిని బతుకుతాయి, ఒక్కొక్కటి వందల్లో తింటుంది. దీన్ని చూసి మందు కొడితే పేనుబంకకు మనమే కాపలా కాసినట్టు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే పొరపాటు ఇదే.

అపోహ: నారింజ రంగు పులి అడవిలో ఇట్టే కనబడిపోతుంది.

మనకు. జింక కంటికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. పల్నాడు వైపు నల్లమలలో పులి దాని కళ్లకు పొదల రంగులోనే ఉంటుంది.

అపోహ: చారలు చూసి కట్లపామును గుర్తుపట్టేయొచ్చు.

పొలం పనుల్లో ఉండేవాళ్లు ఈ ఒక్కటీ జాగ్రత్తగా చదవండి. వుల్ఫ్ స్నేక్ అనే విషం లేని పాముకూ అలాంటి చారలే ఉంటాయి. చారలు దాని మెడ దగ్గర స్పష్టంగా మొదలై తోకవైపు చెరిగిపోతాయి, కట్లపాముకు తోకవైపే స్పష్టంగా ఉంటాయి. ఇది పుస్తకంలో బాగుంటుంది, రాత్రి టార్చి వెలుగులో టెన్షన్‌లో పనికిరాదు. పైగా కట్లపాము కాటు చాలాసార్లు నొప్పే ఉండదు. కరిస్తే ఏ పాము అని తేల్చుకుంటూ కూర్చోకండి, చంపి పట్టుకెళ్లే పనీ లేదు. మన దగ్గర దొరికే యాంటీవెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి తయారుచేసిందే. వెంటనే ప్రభుత్వాసుపత్రికి బయలుదేరండి.