బక్క పిలకకే ఓటు

తిరుపతి చుట్టుపక్కల అరటితోటల్లోకి కొత్తగా పనికి వెళ్లినవాళ్లు మొదట తప్పులో కాలేసేది పిలకల దగ్గరే. తల్లిచెట్టు మొదట్లో రెండు రకాల పిలకలు లేస్తాయి. ఒకటి కత్తుల్లాంటి సన్నటి ఆకులతో బక్కగా ఉంటుంది. ఇంకోటి వెడల్పాటి ఆకులతో కళకళలాడుతుంది. మనబోటి వాళ్లం రెండోదాన్ని ఉంచి మొదటిదాన్ని పీకేస్తాం. ఏళ్ల తరబడి తోటల్లో పనిచేసిన కూలి అక్క సరిగ్గా రివర్స్‌లో చేస్తుంది.

కారణం మట్టిలో ఉంది. మనం చెట్టు అనుకునే బోదె నిజానికి ఆకుమట్టలు ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న కట్ట. అసలు కాండం భూమిలోని దుంప. సన్నాకుల సూది పిలక తల్లి దుంపకు గట్టిగా అతుక్కుని, తల్లి తిండితోనే పెరుగుతుంది. దానికి ఆకులు విప్పే తొందర లేదు. వెడల్పాకుల నీటి పిలకకు తల్లితో బంధం బలహీనం, తన తిండి తానే వండుకోవాలి. అందుకే ముందే ఆకులు పరుస్తుంది. దుంప ఊరదు, గెల చిన్నదవుతుంది. అక్కకు ఈ వివరణ తెలియకపోవచ్చు, పిలక మాత్రం తెలుసు.

కూలీలకున్న ఇలాంటి పరిజ్ఞానాన్ని కొలిచే పరిశోధకులు వయసు, చదువు, అనుభవం, శిక్షణ అని లెక్కలు వేస్తారు. నాకైతే ఎవరికి ఏ పని అప్పగిస్తారన్నదే పెద్ద విషయం అనిపిస్తుంది. కలుపు తీసేవాళ్లకు పిలకలు తెలుస్తాయి. కాయల పలకలు తగ్గి గుండ్రబడటం చూసి గెల ఎప్పుడు దించాలో చెప్పేది కోతకు వెళ్లేవాళ్లు. దూరపు మార్కెట్‌కైతే ముప్పాతిక వంతు ముదరగానే దించేస్తారు. ల్యాబ్‌లో పెంచే టిష్యూ కల్చర్ గ్రాండ్ నైన్ రకం అరటి మొక్కలు వచ్చాక నాటే పిలకను ఎంచుకునే పని పోయింది. రెండో పంటకు ఏ పిలకను ఉంచాలన్న పని మాత్రం అలాగే ఉంది.

కంటికి కనపడని చోటే చిక్కు. పనామా తెగులు సోకితే ముదురాకులు అంచుల నుంచి పసుపెక్కి, మట్ట దగ్గర విరిగి బోదె చుట్టూ వేలాడతాయి. బోదె కోస్తే లోపల ఎర్రటి గోధుమరంగు చారలు. ఇవన్నీ కూలీలు ఇట్టే గుర్తుపడతారు. కానీ తెగులు తెచ్చే శిలీంధ్రం అరటి లేకపోయినా మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. 1950ల నాటికి లాటిన్ అమెరికాలో గ్రాస్ మిషెల్ రకం ఎగుమతి తోటలను కూల్చింది ఇదే. పిలకతో, పారే నీటితో, పారకు అంటిన మట్టితో ఇది ప్రయాణం చేస్తుంది. శిక్షణకు సాధారణంగా పిలుపు అందేది తోట యజమానికి. పొద్దున ఒక తోటలో, మధ్యాహ్నం ఇంకో తోటలో తవ్వేది మాత్రం కూలి పారే. పీకేసిన జబ్బు చెట్టును పక్కనున్న కాలువలోకి తోసేదీ ఆ చేతులే, ఎక్కడ వేయాలో ఎవరూ చెప్పకపోతే.