వినిపించని నత్తి

మూడేళ్ల పాప "నేను... నేను... నేను కూడా వస్తా" అంటే కంగారుపడనక్కర్లేదు. మాటలు నేర్చే వయసులో మొత్తం మాటే తిరిగి రావడం, "అదీ... అదీ" అని వెతుక్కోవడం మామూలే. అదే పాప "బ-బ-బ-బడి" అని మొదటి అక్షరం దగ్గరే తిరుగుతున్నా, "స్‌స్‌స్‌సైకిల్" అని సాగదీస్తున్నా, నోరు తెరిచాక శబ్దమే రాక ఆగిపోతున్నా నత్తి అని అనుమానించాలి. అప్పుడు వినడంతో పాటు ముఖం కూడా చూడండి. కళ్లు గట్టిగా మూస్తోందా? దవడ బిగుస్తోందా? మాటని బయటికి నెట్టడానికి తల విదిలిస్తోందా? ఆ ప్రయాస కనిపిస్తే ఇక ఆలస్యం చేయకూడదు.

నత్తి ఎక్కువగా 2 నుంచి 5 ఏళ్ల మధ్య మొదలవుతుంది. నూటికి కనీసం 5 మంది పిల్లల్లో ఏదో ఒక దశలో కనిపించి, చాలామందిలో దానంతటదే పోతుంది. పెద్దవాళ్లలో నూటికి ఒకరికి మిగులుతుంది. "పెద్దయితే అదే పోతుందిలే" అని మన అమ్మమ్మలు అనేది అందుకే చాలాసార్లు నిజమవుతుంది. కానీ ఎవరికి పోతుందో, ఎవరికి మిగులుతుందో ముందే తేల్చి చెప్పలేం. మగపిల్లాడైతే, ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే, ఆరు నెలలు దాటినా తగ్గకపోతే స్పీచ్ థెరపిస్టుకి చూపించాలి. మాటకి కావలసిన కదలికలను మెదడు సమన్వయం చేసే తీరులో తేడా ఇది. వంశపారంపర్యం పాత్ర కూడా ఉంది. తిట్టినా కొట్టినా పోదు, భయం మాత్రం పెరుగుతుంది. వసకొమ్ము అరగదీసి నాకించినా తగ్గదు, పైగా పసివాళ్లకి వాంతులు పట్టుకోవచ్చు.

పెద్దవాళ్లలో గుర్తుపట్టడమే నిజంగా కష్టం, ఎందుకంటే వాళ్లు దాచడం నేర్చుకుంటారు. విజయవాడ బస్టాండులో సిటీ బస్సు ఎక్కిన కుర్రాడు బెంజ్ సర్కిల్‌కి వెళ్లాలి. కండక్టరు దగ్గరికి వస్తుంటేనే "బ" అడ్డుపడుతుందని వాడికి తెలిసిపోతుంది. "ఆటోనగర్" అని టిక్కెట్టు తీసుకుని, ముందే బెంజ్ సర్కిల్‌లో దిగిపోతాడు. చుట్టూ ఉన్నవాళ్లకి నత్తి వినిపించనే లేదు. ఫోన్ ఎత్తకపోవడం, సొంత పేరు అడిగితే తడబడటం, హోటల్లో కావలసింది కాక నోట పలికేది ఆర్డర్ చేయడం... ఇవన్నీ ఆ దాపరికమే. మితభాషి అని మనం మెచ్చుకునేవాళ్లలో ఇలాంటివాళ్లు కొందరైనా ఉంటారు.

అక్షరాలు మింగేస్తూ గబగబా మాట్లాడటం వేరే సమస్య. ఆ మనిషికి తన తొందర తెలియకపోవచ్చు. గుర్తుచేస్తే కాసేపు స్పష్టంగా మాట్లాడతాడు. నత్తి ఉన్న మనిషికి అలా గుర్తుచేస్తే ఇంకా బిగుసుకుపోతుంది.

ఎప్పుడూ లేని తడబాటు పెద్ద వయసులో ఒక్కసారిగా మొదలైతే మాత్రం పక్షవాతమేమో అనుకుని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మిగతావాళ్లకి థెరపీ మొదలుపెట్టడానికి వయసు అడ్డు కాదు. బిగువు వదిలి మాట మెల్లగా ఎత్తుకోవడం, తప్పించుకునే మాటల్ని ఒక్కొక్కటిగా పలకడం 40 ఏళ్లప్పుడు కూడా నేర్చుకోవచ్చు. వినేవాళ్లు వాక్యం అందించకుండా, చూపు తిప్పుకోకుండా, చెప్పేది పూర్తయ్యేదాకా ఆగితే చాలు.