పఫ్‌కి భయపడి సూదికి వెళ్తున్నారు: అపోహలు - వాస్తవాలు

"ఆ పంపులో స్టెరాయిడ్ ఉందంటండి, పిల్లాడు ఎదగడంటండి, ఒకసారి మొదలెడితే అలవాటైపోద్దంటండి." కోనసీమలో పిల్లల డాక్టరుగా, ఆయాసానికి పీల్చే ఇన్‌హేలర్ (పఫ్) గురించి ఈ మాట వినని వారం ఉండదు. ఎక్కువగా అనేది నెలలు నిండకుండా పుట్టి, పెట్టెలో ఆక్సిజన్ మీద ఉండి బతికి బయటపడ్డ పిల్లల తల్లులే. అంత కష్టపడి దక్కించుకున్న బిడ్డ కదా, వాళ్ల భయంలో తప్పేమీ లేదు. నా కోపమంతా ఆ భయాన్ని పెంచే పుకార్ల మీదే.

లెక్క చూడండి. మేం రాసే బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ పఫ్ ఒక్కోదానిలో సాధారణంగా 100 లేదా 200 మైక్రోగ్రాములు ఉంటుంది. పఫ్ మానేశాక ఆయాసం ముదిరి, అర్ధరాత్రి ఊళ్లో వేయించే డెక్సా (ఇదీ స్టెరాయిడే) సూదిలో మిల్లీలీటరుకి 4 మిల్లీగ్రాములు, అంటే 4,000 మైక్రోగ్రాములు. సగం వేసినా 2,000. రెండూ వేర్వేరు మందులు, అంకెకి అంకె సరిపోల్చకూడదు గానీ, సూది మందు ఒళ్లంతా పాకుతుంది, పఫ్ ముఖ్యంగా ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది. ప్రాణం మీదికొస్తే స్టెరాయిడ్ మేమూ ఇస్తాం, కొద్దిరోజులే. 'స్టెరాయిడ్ వద్దు' అన్న ఇంట్లోనే బిడ్డకి మాటిమాటికీ ఆ సూదులు పడుతుంటే, బుగ్గలు నిండాయని, ఆకలేస్తోందని సంతోషిస్తుంటే నాకు బాధేస్తుంది. ఆ బుగ్గలు ఆరోగ్యం కాదమ్మా, స్టెరాయిడ్ వాపు.

ఎత్తు సంగతి కూడా తేల్చేద్దాం. ఉబ్బసం ఉన్న పిల్లలకి బుడెసొనైడ్ పఫ్ రోజూ 400 మైక్రోగ్రాముల చొప్పున కొన్నేళ్లు ఇచ్చి, పెద్దయ్యాక కొలిస్తే తగ్గింది సగటున 1.2 సెంటీమీటర్లు. 2012లో వచ్చిన అధ్యయన ఫలితం అది. అలవాటు పడటమన్నది అసలు లేదు.

ఆమధ్య రాజోలు వైపు నుంచి ఒక నాయనమ్మ వచ్చి పఫ్ పనిచెయ్యట్లేదంది. నా ఎదురుగా పెట్టి చూపించమన్నాను. ఏడుస్తున్నాడని మాస్కుని మొహానికి బెత్తెడు దూరంలో పట్టుకుంది, మందంతా గాల్లోకి పోయింది. మాస్కు ముక్కూ నోరూ మూసేలా ఆనాలి. ఇన్‌హేలర్ బాగా ఊపి ఒక్క పఫ్ కొట్టి, అయిదారు సార్లు ఊపిరి తీసుకోనిచ్చి, అప్పుడు రెండోది. తర్వాత మొహం తుడిచి కాసిని నీళ్లు తాగించండి. స్పేసర్‌ని (ఇన్‌హేలర్‌కీ మాస్కుకీ మధ్య తగిలించే గొట్టం) సబ్బునీళ్లలో కడిగాక గుడ్డతో తుడవద్దు, గాలికి ఆరనివ్వండి.

అలాగని నెలలు నిండని పిల్లల పిల్లికూతలన్నీ ఉబ్బసమూ కాదు. వీళ్ల ఊపిరితిత్తుల్లో గాలి గదులు తక్కువ, గొట్టాలు సన్నం. ఉబ్బసంలో కనిపించే అలర్జీ వాపు చాలామందిలో ఉండదు. అందుకే స్టెరాయిడ్ పఫ్ అందరికీ పనిచెయ్యదు, అది కొత్త ఊపిరితిత్తిని పెంచదు. ఇంట్లో ఉబ్బసం, బిడ్డకి ఒంటి మీద అలర్జీ దద్దుర్లు ఉంటే ఫలితం కనిపించే అవకాశం ఎక్కువ. రెండు మూడు నెలలు సరిగ్గా వాడినా తేడా లేకపోతే ఆపేద్దామని నేనే చెబుతాను. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.

మిగతావి: నెబులైజర్ (మందుని పొగమంచులా పీల్పించే యంత్రం) పఫ్ కన్నా బలమైనదేం కాదు. ఆయాసం తగ్గించే సాల్బుటమాల్ సిరప్ ఆలస్యంగా పనిచేస్తుంది, చేతులు వణికిస్తుంది. చేప మందు నమ్ముకుని పఫ్ మానొద్దు. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ ఈ పిల్లలకి పూర్తిగా మానేయండి, దోమల కాయిల్ కూడా. కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో తలుపులేసి బిడ్డని లోపలే ఉంచండి.

డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.