ఎర్రచందనం, కలివికోడి: మా కడపలో రోజూ వినే అపోహలు

"అన్నా, లంకమల కొండల కింద రెండెకరాల కంప ఉంది. జేసీబీతో పీకించి ఎర్రచందనం వేస్తా. పదిహేనేళ్లకు కోట్లే కదా?" మా నర్సరీకి వచ్చేవాళ్లలో సగం మంది అడిగేది ఇదే.

కాదు తమ్ముడూ. ధర పలికేది చెట్టుకు కాదు, లోపలి ఎర్రటి చేవకు. పోయినేడు బద్వేలు వైపు రైతు ఒకాయన గాలికి పడిన పన్నెండేళ్ల చెట్టు ముక్క కోసి తెచ్చాడు. చుట్టూ తెలుపు, నడుమ బొటనవేలంత ఎరుపు. తిప్పి తిప్పి చూసి "ఇంకాస్త కింద కోస్తే ఉంటుందేమో" అన్నాడు. కూతురి పెళ్లికని లెక్కేసుకున్నాడు పాపం. నీళ్లు పెట్టి లావు చేసినంత మాత్రాన చేవ పట్టదు, పాలకొండ, శేషాచలం రాళ్లలో నిదానంగా పెరిగే జాతి ఇది. సొంత పొలంలో పెంచితే కేసు పెడతారని టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు, పెంచడం నేరం కాదు. కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. అరుదైన జంతువులు, మొక్కల విదేశీ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో జాబితాలో 1995 నుంచి ఉంది కాబట్టి విదేశాలకు పంపాలంటే ఇంకా కాగితాలు.

ఎర్రచందనం ఘుమఘుమలాడుతుందనుకుంటారు, దీనికి వాసన ఉండదు, వాసనొచ్చేది శ్రీగంధం. దీని చెక్క గ్లాసులో నీళ్లు తాగితే షుగర్ తగ్గుతుందనీ అంటారు, షుగర్‌కని గ్లాసులు చేసేది వేగిస అనే వేరే చెట్టుతో, ఆ నీళ్లు నమ్ముకుని మాత్రలు మానకండి.

నాకు ఒళ్లు మండేది ఇంకో మాటకు. "రెండూ లంకమలవే, చెట్లు పెంచితే కలివికోడికీ మేలే" అంటారు. చెట్టుది కొండ వాలు, కలివికోడి అనే ఈ అరుదైన పిట్టది కొండ కింది కంప. పొదల మధ్య ఖాళీ నేల ఉంటేనే అది రాత్రిపూట తిరిగి పురుగులు ఏరుకుంటుంది. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్నది 1986లో ఇక్కడే దొరికింది. దొంగలు నరికిన ఎర్రచందనం మోడు మళ్లీ చిగురు వేస్తుంది, కంప పోతే ఈ పిట్టకు వేరే చోటు లేదు.

కుర్రతనంలో ఆ పిట్టను వెతికే సర్వేకు కూలికి పోయా. సాయంత్రం దారిలో మెత్తటి మట్టి పరిచి, తెల్లారి అడుగులు చూసేవాళ్లం. కుందేలు, నక్క, మళ్లీ కుందేలు. ఒకరోజు మూడు వేళ్ల గుర్తు పడితే కేక పెట్టా, సర్వే చేసే సార్ మోకాళ్ల మీద కూర్చుని స్కేలు పెట్టి కొలిచి కొలిచి, "తీతువుదిరా" అని లేచాడు.

అందుకే కంప ఉన్నోళ్లకు, దాన్ని అట్లే ఉంచి ఇంటి దగ్గరి చేను గట్టున నాలుగు మొక్కలు వేసుకోమంటా. నాలుగు అమ్మితే నర్సరీ నడిచినట్టే అని మా ఆవిడ తిడుతుంది.