పిండితో బొమ్మల మట్టి

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

బొమ్మలు చేసుకోవడానికి మట్టి కావాలని అడిగారు. చెరువు గట్టున బంకమట్టి తెచ్చుకునే వీలు మీకు లేదు కనుక, వంటింట్లో దొరికే వాటితోనే మెత్తని ముద్ద చేసుకునే పద్ధతి రాస్తున్నాను.

ఒక గ్లాసు మైదా, అర గ్లాసు మెత్తని ఉప్పు, ఒక గ్లాసు నీళ్లు, ఒక పెద్ద చెంచాడు నూనె, రెండు చెంచాల నిమ్మరసం తీసుకోండి. ముందుగా ఉప్పును నీళ్లలో కరిగించి, నూనె, నిమ్మరసం పోసి, మైదాను ఉండలు కట్టకుండా కలపాలి. ఆ తరువాతి పని అమ్మకో నాన్నకో అప్పగించండి. సన్నని సెగ మీద మూకుడు పెట్టి, అడుగంటకుండా గరిటెతో తిప్పుతూ ఉంటే, జారుగా ఉన్న పిండి చిక్కబడి, కాసేపటికి అంచులు వదిలి ఒకే ముద్దగా చేరుతుంది. గోరువెచ్చగా అయ్యాక మీరే చపాతీ పిండిలాగా బాగా మర్దించండి.

ఉడికించడం ఎందుకంటే, వేడికి పిండిలోని గంజి పదార్థం నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, అందువల్ల ముద్ద చేతికి అంటకుండా నునుపుగా వస్తుంది. ఉప్పు రుచి కోసం కాదు. సూక్ష్మజీవులకు నీరు అందకుండా చేసి, ముద్ద త్వరగా పాడవకుండా కాపాడుతుంది. నూనె తగ్గితే ముద్ద ఎండి పగులుతుంది. మైదాకు బదులు బియ్యప్పిండి వాడవచ్చు గానీ, అందులో సాగే గుణం లేదు కనుక సన్నని కాళ్లూ తోకలూ విరిగిపోతాయి. నా మాట విని మైదానే వాడండి.

రంగు కోసం పసుపు గాని, బీట్‌రూట్ రసం గాని కలపండి. రసం పోసినంత మేర నీళ్లు తగ్గించాలి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచండి. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది కాబట్టి వానాకాలంలో ముద్ద జిగటగా మారితే కాస్త పొడి పిండి అద్దండి. ఇంట్లో చంటిపిల్లలు ఉంటే దీన్ని వారికి అందనివ్వకండి, ఇంత ఉప్పు కడుపులోకి పోతే ప్రమాదం. కుక్కపిల్లకు కూడా అంతే.

కొండపల్లి బొమ్మలు చేసేవారు పొణికి కర్రతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. మీ ఏనుగు తొండం ఊడితే మీరూ ఇదే ముద్దను కొంచెం నీళ్లతో జారుగా చేసి, రెండు వైపులా పూసి, మెల్లగా అదిమి నీడలో ఆరనివ్వండి.

ఇట్లు,
మీ తాతయ్య